వెనక్కి నడిచే గడియారం

పిచ్చుక అని పిలుచుకునే పిల్లను బడికి పంపలేదు. అలాగని ఇంట్లో పలకా బలపం ఇచ్చి కూర్చోబెట్టిందీ లేదు. అడిగింది చెబుదాం, అడగనిది నెత్తిన రుద్దొద్దు అని దాని అమ్మా నాన్నా అనుకున్నారు. నాన్నది సెలూన్. పిల్ల పొద్దున్నే ఆయన వెంట వెళ్లి ఖాళీగా ఉన్న కుర్చీ ఎక్కి కూర్చునేది. జుట్టు రంగు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం వచ్చింది. బెంచీ మీద ఎవరి వెనక ఎవరో చెప్పి తగవులు తీర్చేది. చప్పుడు విని ఏ కత్తెరకి పదును పోయిందో చెప్పేది. "ఎంతైందే?" అని నాన్న అడిగితే టైము చెప్పేది. ఎప్పుడూ తప్పలేదు.

నానమ్మకి ఇదంతా గిట్టదు.

"తొమ్మిదేళ్లొచ్చాయి దానికి. ఆ షాపులో ఏం నేర్చుకుంటుందిరా? గడ్డాలు గీయడమా?"

"నేర్చుకోనీ. నా చెయ్యి నొప్పి పుట్టినప్పుడు అది గీస్తుంది."

"నీకంతా వేళాకోళమే."

నానమ్మ కంట్లో శుక్లం. ఎదుటి మనిషి పొగలో నిలబడ్డట్టు కనిపిస్తాడు. ఆపరేషన్ రోజు చెప్పేముందు ఇంకోసారి చూస్తానన్నాడు డాక్టరు. తీరా చూపించుకోవాల్సిన రోజుకి అమ్మ కుట్టు మిషన్ మీద నుంచి లేవలేని పనిలో ఉంది, నాన్న షాపు వదల్లేడు.

"నేను దించి వస్తాను. లోపల పిచ్చుక చూసుకుంటుంది" అన్నాడు నాన్న.

నానమ్మ కొడుకు వైపు తిరిగింది. "సరే. అది నన్ను వేళకి డాక్టరు ముందు కూర్చోబెడితే ఈ ఏడాదికి బడి ఊసెత్తను. లేదా, వేసవి సెలవులు కాగానే బళ్లో పేరు రాయించాలి. మాట మీద ఉంటావా?"

"ఉంటాను."

పిచ్చుకను ఎవరూ అడగలేదు. సెలూన్‌లో తన కుర్చీ ఉంటుందో పోతుందో అన్న దిగులుతో అది చెప్పులేసుకుంది.

ఆసుపత్రిలో ఆయమ్మ ముందే చెప్పింది. "పేరు పెట్టి పిలవం. పన్నెండుంబావుకి మీరే లోపలి తలుపు దగ్గరికి రావాలి. రాకపోతే తర్వాతవాళ్లు వెళ్లిపోతారు. పన్నెండున్నరకి డాక్టరుగారు లేచిపోతారు, తర్వాత మీ ఇష్టం."

హాలంతా ఫినాయిల్ వాసన. గోడకి గడియారం. అంకెలు లేవు, గీతలే. సెలూన్‌లో ఉన్నటువంటిదే. పిచ్చుక అటు చూసి ఉలిక్కిపడింది.

"లే నానమ్మా, పన్నెండుంబావు అయిపోయింది!"

చెయ్యి పట్టుకుని లాక్కుపోతే ఆయమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఎక్కడికమ్మా పరుగు? ఇంకా అరగంటుంది, కూర్చోండి."

మళ్లీ వచ్చి కూర్చున్నారు. పిచ్చుక గడియారం మీద నుంచి చూపు తిప్పలేదు. కాసేపటికి పన్నెండూ ఐదు అయింది. ఇంకాసేపటికి పన్నెండే అయింది.

"నానమ్మా, ఈ గడియారం వెనక్కి నడుస్తోందే."

"ఆగిపోయిన గడియారాలు చూశాను గానీ, వెనక్కి నడిచేది ఎక్కడా చూళ్లేదు. సరిగ్గా చూడవే."

పిచ్చుక లేచి ఆయమ్మ దగ్గరికి వెళ్లింది. "మీ గడియారం చెడిపోయింది. ముల్లు అటు తిరుగుతోంది."

"మరి ఎటు తిరగాలి తల్లీ?"

పిచ్చుక గాలిలో వేలితో సున్నా చుట్టి చూపించింది, ఎడమవైపుగా. ఆయమ్మ పగలబడి నవ్వింది. "మీ ఇంట్లో సూర్యుడు కూడా పడమటే పొడుస్తాడా ఏం?"

బెంచీ మీదవాళ్లూ నవ్వారు. "ఎందుకే నవ్వుతున్నారు?" అంది నానమ్మ. పిచ్చుక తిరిగి వచ్చి పక్కన చేరింది. తమని చూసే నవ్వుతున్నారని నానమ్మకి తెలిసిపోయింది.

పిచ్చుక కూర్చుని, సెకండ్ల ముల్లు తిరిగినట్టే ఒళ్లో వేలు తిప్పింది. సెలూన్‌లో ముల్లు ఎటు తిరిగేదో అటూ తిప్పింది. అసలు సెలూన్‌లో గడియారం ఎక్కడుంది? బెంచీ పైన, తన కుర్చీకి వెనక. తను ఎప్పుడూ వెనక్కి తిరగలేదు. ఎదురుగా అద్దంలోనే చూసింది.

గబగబా లేచి, గోడకి వీపు పెట్టి, మందుల కౌంటరు అద్దంలోకి చూసింది. చిన్నగా కనిపించింది గడియారం. అందులో బుద్ధిగా నడుస్తోంది. పన్నెండుంబావు దాటిపోయింది.

తలుపు దగ్గరికి పరుగెత్తేసరికి తర్వాతివాళ్లు లోపలికి వెళ్లిపోయారు.

"అప్పుడేమో ముందొచ్చావు, ఇప్పుడేమో ఆలస్యం" అంది ఆయమ్మ. "చివర్లో చూస్తారేమో అడుగుతాను. నిలబడండి."

నిలబడ్డారు. డాక్టరు సంచీ తీసుకుని బయటికి రాబోతూ, పిల్ల భుజం మీద చెయ్యేసి నిలబడ్డ ముసలావిణ్ణి చూసి, ఓ నిట్టూర్పు విడిచి మళ్లీ కూర్చున్నాడు. కన్ను చూశాడు. ఆపరేషన్ వారం తర్వాత అన్నాడు. అందాకా రోజుకి నాలుగుసార్లు, వేళ తప్పకుండా చుక్కలు వెయ్యాలని సీసా ఇచ్చాడు.

నాన్న వచ్చాడు. "ఏమ్మా, వేళకి చూపించుకున్నావా?"

నానమ్మ నోరు తెరిచేలోపే పిచ్చుక అంది, "లేదు. డాక్టరుగారు లేచాక వెళ్లాం. తప్పు నాదే. టైము చూడ్డం నేను అద్దంలో నేర్చుకున్నాను నాన్నా. బయట ముల్లు ఇంకోవైపు తిరుగుతుందని తెలీదు."

నాన్నకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఇన్నాళ్లూ ఒక్కసారీ వెనక్కి తిరిగి చూళ్లేదా?"

"నువ్వు చూశావా?"

నాన్న తల గోక్కున్నాడు.

"పందెం నాదే" అంది నానమ్మ.

"నీదేనమ్మా. సెలవులు కాగానే రాయిస్తాను."

ముగ్గురూ మెట్లు దిగారు. పిచ్చుక ఒక్కో మెట్టూ చెబుతూ నానమ్మని దింపింది. కింద నానమ్మ ఆగింది.

"అద్దం సంగతి నీకెవరు చెప్పారే? ఆయమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. కూర్చుని చూశాను."

నానమ్మ నాలుగడుగులు వేసింది. "సెలవులు అవడానికి ఇంకా చాలా రోజులున్నాయిగా. ఆ మాట అప్పుడు చూద్దాంలే. ముందు నా కన్ను బాగవనీ."

"మాట మీద ఉండమన్నది నువ్వేగా?" అన్నాడు నాన్న.

"నిన్నుండమన్నాను. నేనుంటానని అనలేదు."

నాన్న నవ్వి, చుక్కల సీసా కోసం చెయ్యి చాపాడు. నానమ్మ ఆ చేతిని తప్పించి, పక్కన తడిమి పిచ్చుక అరచెయ్యి వెతికి పట్టుకుని, అందులో పెట్టి వేళ్లు మూసింది.

"రోజుకి నాలుగుసార్లు" అంది. "వేళ తప్పావంటే వీపు పగులుతుంది."