తారి ఎత్తిన ఏడుపు

తెల్లదొర కొరడా ఎత్తాడు. ఒంటినిండా నల్లరంగు పూసుకున్న కూలి మట్టిలో బోర్లా పడ్డాడు. గొడుగు కింద కుర్చీలో కూర్చుని షూటింగ్ చూస్తున్న మహీధర్ రావు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"తోలు రంగు చూసి మనిషిని గొడ్డును బాదినట్టు బాదుతరా? ఈ తెల్లోళ్లు మనుషులేనా!" అన్నాడు.

ఆ మాట నా చెవులతో విన్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ సినిమా తీస్తున్న చెలక, బోడగుట్ట తండా లంబాడా రైతు జాల్యాది. నిరుడు మిరపకాయలు ఏరేటప్పుడు, ఈ భూమి తనదని మహీధర్ రావు ట్రాక్టరు తోలించాడు. జాల్యా అడ్డం నిలబడ్డాడు. ట్రాక్టరు ఆగలేదు. పక్క చేనులో ఉన్న ఆడకూలీలంతా చూశారు. తాగి సాలులో పడుకున్నాడని పోలీసులు కేసు మూసేశారు. శవాన్ని దవాఖాన నుంచి నేరుగా కాటికి తీసుకుపోయారు. అతని భార్య తారిని దగ్గరికి కూడా రానివ్వలేదు.

కూలి సంఘం తరఫున నేను బోడగుట్ట తండా చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. "సాక్ష్యం చెప్తే మా మొగోళ్లను గూడ గట్లనే పండవెడ్తరన్నా" అని తలుపులు వేసుకున్నారు. వాళ్లను పిరికివాళ్లని ఎలా అనను? ఇప్పుడు ఆ చెలక చుట్టూ మహీధర్ రావు దొర కంచె ఉంది.

డైరెక్టర్ ప్రణయ్ హైదరాబాద్ నుంచి వచ్చినవాడు, మెత్తని మనిషి. తండా ఆడవాళ్లను కూలీల వేషాలకు పిలిచాడు. తారి కూడా వచ్చింది. మొగుడు పోయిన చోట కాలు మోపడానికి ఆమెకు ఇంకో దారి దొరకలేదు.

"ఈయన మీ ఆయన అనుకోండమ్మా. దెబ్బలకు చచ్చిపోయాడు. మీ భాషలోనే ఏడవండి" అన్నాడు ప్రణయ్, కూలి వేషంలోని నటుణ్ని చూపిస్తూ.

తారి కదల్లేదు. "బతికున్నోని పేరు వెట్టి ఏడ్వద్దు సారూ. గాయినకు కీడు."

"అయితే పోయినవాళ్ల పేరు ఏదైనా పెట్టుకోండి."

"ఎవల పేరన్నా?"

"మీ ఇష్టం."

లంబాడా ఆడవాళ్ల ఏడుపును ఢావ్లో అంటారు. పోయినవాణ్ని పేరు పెట్టి పిలుస్తూ, ఎలా బతికాడో ఎలా పోయాడో రాగం తీసి చెప్పుకుంటారు. విన్న ఆడది ఊరికే నిలబడకూడదు. వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి అందుకోవాలి.

తారి ఆ నటుణ్ని దాటిపోయింది. కంచె వారగా ఒకచోట కూలబడి మట్టి మీద అరచేయి పెట్టింది. "జాల్యా..." అని ఎత్తుకుంది. కెమెరా ఆమె వెంట పరుగెత్తింది. ఒక్కొక్క ఆడమనిషీ వచ్చి ఆమె మెడను పట్టుకుంది. లైట్లు మోసే పనివాళ్లు కూడా ముఖాలు తిప్పుకున్నారు.

మహీధర్ రావు లేచి చప్పట్లు కొట్టాడు. తన ట్రాక్టరు కింద పోయినవాడి పేరు కూడా అతనికి గుర్తు లేదు.

"శభాష్! గిదీ యాక్టింగంటే! అరేయ్ హరిలాల్, గామె ఏమన్నదో జర తెలుగుల చెప్పు. అందరం విందాం."

హరిలాల్ దొర ట్రాక్టరు డ్రైవరు, ఆ తండావాడే. ముఖాన చెమట పట్టింది. "మొగని మీద ప్రేమ, పావురంతోని ఏడ్చింది దొరా. గంతే."

"అబద్ధమెందుకు కాకా?" జాల్యా చెల్లెలు గీత ముందుకొచ్చింది. మానుకోటలో డిగ్రీ చదువుతోంది.

"నోరు మూస్కో బిడ్డా. తండాను బతకనియ్యరు."

"నిరుడు మూస్కున్నం. మనిషి పోయె, చెలక పోయె. ఇంకేం మిగిలిందని మూస్కోవాలె?" అని మైకు ముందు నిలబడింది. "మా వదిన ఏమన్నదో నేను చెప్త. జాల్యా, ఈడనే నిన్ను తొక్కించిండ్రు. నువ్వు సుక్క తాగలే. దొర గట్టు మీద నిలవడి 'ఆపకురా' అన్నడు. మేమందరం చూసినం. నిన్ను ఏడ్వనియ్యలే. ఇయ్యాల ఏడుస్తున్న."

మహీధర్ రావు చేతిలో కండువా ఇంకా తడిగానే ఉంది. మెల్లగా కూర్చున్నాడు.

"డైరెక్టర్ గారూ, అది చెరిపెయ్యండి" అన్నాడు, గొంతు పెంచకుండా.

ప్రణయ్ నా వైపు చూశాడు, ఆడవాళ్ల వైపు చూశాడు, చివరికి కెమెరాలోంచి కార్డు తీసి మహీధర్ రావు చేతిలో పెట్టాడు. తెల్లదొర మీద సినిమా తీసే ధైర్యం, గొడుగు కింది దొర ముందు నిలవలేదు.

పొద్దు వాలకముందే పోలీసు వ్యాను వచ్చింది.

"ఏడ్చిందెవరు?" అన్నాడు ఎస్సై.

"నేను" అంది తారి.

"నేను సుత ఏడ్చిన." "నేను సుత చూసిన." ఏడాదిగా మూసిన తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నట్టు తండా ఆడవాళ్లు లేచారు. హరిలాల్ భార్య కూడా లేచింది. హరిలాల్ ఆమెనే చూస్తూ తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

"తోలింది నేను సారూ. ఆపకన్నది దొర."

ఎస్సై దొర ముఖం చూశాడు. "వీడు తాగి ఉన్నడు. వీన్ని గూడ ఎక్కించుండ్రి."

జాల్యా గురించి చెప్పిందీ ఇదే మాట.

మేమంతా వెనక నడుస్తుంటే, వ్యానులో తారి మళ్లీ ఎత్తుకుంది. డోర్నకల్ రోడ్డు పక్క తండాల్లో మిరప ఆరబోస్తున్న ఆడవాళ్లు విన్నారు. విన్నాక నిలబడకూడదు కదా! కల్లాలు వదిలి వ్యాను వెంట నడిచారు. మేము స్టేషను చేరేసరికి రోడ్డు నిండిపోయింది. పోలీసులు గేటు వేసుకున్నారు, వ్యాను బయటే జనంలో చిక్కుకుంది.

అంతలో మహీధర్ రావు కారు వచ్చింది. జనం దారి ఇవ్వలేదు. అద్దం దించి, "జరగుండ్రి" అన్నాడు.

వ్యాను కిటికీ ఊచల్లోంచి తారి అతన్ని చూసింది. జాల్యా పేరు ఆపేసింది. ఊపిరి పీల్చుకుని, "మహీధరా..." అని రాగం తీసింది.

ఆడవాళ్లు ఒక్క క్షణం ఆగారు. బతికున్నవాడి పేరు వాళ్లెవరూ ఏడుపులో ఏనాడూ ఎత్తలేదు. తర్వాత హరిలాల్ భార్య అందుకుంది. ఆమె వెనక రోడ్డంతా అందుకుంది.

మహీధర్ రావు అద్దం ఎత్తుకున్నాడు. ఏమంటున్నారో తెలుగులో చెప్పమని ఈసారి ఎవరినీ అడగలేదు.