పట్టీల కొరడా

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, సోఫాలు కుట్టే మనిషి తన తొడ మీద తానే కొట్టుకున్నాడు. చేతిలో ఉన్నది, పడకగది సరదాకి భార్య అడిగితే చేసిన కొరడా. పిడికి పాత కర్టెన్ కడ్డీ ముక్క, పట్టీలకు కొట్లో మిగిలిన రెక్సిన్. ఇలాంటిది ఏది చేసినా, మొదటి దెబ్బ చేసినవాళ్ల మీదే పడాలన్నది ఇద్దరి ఒప్పందం. తొడ మీద ఎర్రటి గీత తేలింది.

"అంచులు కోస్తున్నాయే," అన్నాడు.

ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చింది. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడం అరుదు. బీరువాలోంచి మెత్తటి తోలు హ్యాండ్‌బ్యాగు తీసి ఇచ్చింది.

"పెళ్లిరోజుకి నీకు నేను కొనిచ్చిందే కదా ఇది?"

"నా వీపు కంటే ఎక్కువా? కొయ్యి మహానుభావా."

అతను రెక్సిన్ పీకేసి, బ్యాగు తోలుని పట్టీలుగా కోసి, పిడికి అంటించాడు. తర్వాత జిగురు డబ్బా చూశాడు. ఆరడానికి ఒక రోజు పడుతుందని రాసి ఉంది.

"ఏడ్చినట్టుంది. రోజూ సోఫాలు చేస్తావు, ఇది తెలీదా?"

"కొట్లో అయితే మేకులు కొడతాం."

"మేకులు మాత్రం వద్దులే బాబూ."

ఆమె బోర్లా పడుకుంది.

"ఇవాళ్టికి చెయ్యి వెయ్యి, చాలు."

అతను పక్కన పడుకుని ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. అయిదు గంటలకు ఇద్దరూ నిద్రలో ఉన్నారు. చెయ్యి అక్కడే ఉంది.