వద్దన్న కుర్చీ

అశ్విని మా బడికి వచ్చిన మొదటి వారంలోనే నాకు నచ్చలేదు. ఎందుకని అప్పుడు అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడైతే కూర్చోబెట్టి చెప్తాను.

మా అమ్మాయి దేవిశ్రీ ఆరో తరగతి. బడి హఫీజ్‌పేట్ దగ్గర, మా ఇల్లు కూకట్‌పల్లిలో, నా ఆఫీసు హైటెక్ సిటీలో. ఈ మూడింటి మధ్య తిరుగుతూనే మూడేళ్ళుగా ఆ బడి పేరెంట్స్ అసోసియేషన్‌కు నేను చేయని చాకిరీ లేదు. ఆటల పోటీల రోజున పిల్లలందరికీ మజ్జిగ కలిపించాను. వార్షికోత్సవానికి డ్రెస్సులు కిరాయికి తెచ్చి, చిరిగినవి ఇంట్లో కూర్చుని కుట్టాను. బస్సు ఆలస్యమైతే తల్లులు డ్రైవరుకు ఫోన్ చేస్తారు, డ్రైవరు ఎత్తకపోతే నాకు చేస్తారు. ఆఫీసు మీటింగులో మైకు మ్యూట్‌లో పెట్టి, "కొండాపూర్ దాటిందండీ, వచ్చేస్తుంది" అని ఎందరికి సమాధానం చెప్పానో నాకే తెలియదు. ఎవరూ జీతమివ్వలేదు, నేనూ అడగలేదు. నాకు కావలసింది ఒక్కటే. నేను ఆ అసోసియేషన్‌కు ప్రెసిడెంట్‌ను కావాలి.

అదేమంత పెద్ద పదవని మా ఆయన ఉదయ్ భాస్కర్ నవ్వుతాడు. ఆయనకేం తెలుసు? ఆఫీసులో నా మీద మేనేజర్లుగా వచ్చేవాళ్ళంతా నాకంటే చిన్నవాళ్ళు. నేను పని నేర్పినవాళ్ళే నా సెలవు మంజూరు చేస్తారు. ఒక్క చోటైనా, ఏదైనా తేలనప్పుడు, "ప్రవీణ గారినే అడగండి, ఆవిడ చెప్పిందే ఖాయం" అని జనం అనాలి. అంతే నా కోరిక. మనిషన్నాక ఆ మాత్రం ఉండకూడదా?

పాత ప్రెసిడెంటు విశ్వేశ్వరరావు గారబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పూర్తిచేశాడు. దాంతో ఆయన తప్పుకున్నారు. కుర్చీ ఖాళీ అయింది. అది నాదేనని బడిలో ఆయాలకు కూడా తెలుసు. మూసాపేట నుంచి వచ్చే నా స్నేహితురాలు స్వప్న అయితే, "ఇగ ఫికర్ లేదు, నువ్వే ప్రెసిడెంటువి. మిఠాయి ఎప్పుడు తినిపిస్తవ్?" అని జూన్ నుంచే మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే దిగింది అశ్విని.

ఆమెది ప్రొద్దుటూరు. భర్త మధుసూదన్‌ది రియల్ ఎస్టేట్ వ్యాపారం. కొడుకు ఆదర్శ్ మా దేవిశ్రీ సెక్షనే. నవ్విందంటే మెట్ల కింద నుంచి వినబడుతుంది. మూడేళ్ళలో నాకు ఒక్క నమస్కారం పెట్టని వాచ్‌మన్ ఆమె కారు కనబడితే లేచి నిలబడి నమస్కారం పెట్టేవాడు. పోనీ, కారుకు పెట్టాడులే అనుకున్నాను. తర్వాత ఆమె నడిచి వచ్చినా లేచాడు.

అసలు మంట మొరంతో మొదలైంది. మా బడి గేటు ముందు పెద్ద గుంట. చినుకు పడితే చాలు, పిల్లలు బూట్లు చేత పట్టుకుని లోపలికి రావాలి. దాని మీద నేను మున్సిపాలిటీకి పెట్టుకున్న అర్జీలకు లెక్కలేదు. ఫోటోలు పంపాను, ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళి అక్కడి సారును కలిశాను, "చూద్దామమ్మా" అనిపించుకుని వచ్చాను. జూలై మీటింగులో ఆ కథంతా చెప్తుంటే అశ్విని మధ్యలో అందుకుంది.

"దానికి ఇన్ని అర్జీలు యాలక్కా? మా ఆయన సైటులో టిప్పరుండాది. రేపు మొరం తోలిస్తా."

తోలించింది. మర్నాడు పొద్దున్నకల్లా గుంట లేదు. పిల్లలు పొడి బూట్లతో లోపలికి నడిచారు. ప్రిన్సిపాల్ పుణ్యవతి గారు గేటు దాకా వచ్చి చూసి మురిసిపోయారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అశ్వినికి దండాలూ పూలగుత్తులూ. నేను కూడా ఒక పూలగుత్తి పెట్టాను, పెట్టకపోతే బాగుండదని. ఆ రోజు నుంచి ఆ మొరం మీద అడుగేసినప్పుడల్లా నాకు అరికాళ్ళు మండేవి. రెండేళ్ళు నేను తిరిగింది ఎవరికీ గుర్తులేదు. ఒక్క టిప్పరు అందరికీ గుర్తుంది.

పోనీ మంచిది కాదా అంటే, అదీ కాదు. మనిషి మంచిదే. అదే నా ప్రాణానికి వచ్చింది. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

ఆగస్టులో పంద్రాగస్టు కార్యక్రమాల గురించి మాట్లాడుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళానేమో, ఆకలి దంచేస్తోంది. వంటింట్లోంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన.

"తింటావా అక్కా?" అంది.

"అబ్బే, ఇప్పుడే తిని వచ్చానండీ."

"సరే అయితే." లోపలికి వెళ్ళి ఒక్క ప్లేటు తెచ్చుకుని, నా ఎదురుగా కూర్చుని, పాటల గురించి మాట్లాడుతూ శుభ్రంగా తినేసింది.

మా భీమవరం వైపు ఒక పద్ధతుంది. ఎవరైనా ఏదైనా పెడతామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారికి ప్లేటు మన చేతిలో ఉంటుంది, పెట్టినవాళ్ళకూ గౌరవం, తిన్నవాళ్ళకూ గౌరవం. మొదటి పిలుపుకే చేయి చాపితే, మొహం వాచినవాళ్ళలా ఉన్నారే అనుకుంటారు. ఇది ఒకరు నేర్పేది కాదు. ఉగ్గుపాలతో వస్తుంది. అశ్విని ఉగ్గుపాలలో అది కలిపినట్టు లేదు. ఇంటికొచ్చి పెరుగన్నం తింటూ మా ఆయనతో ఆమె మర్యాద తక్కువతనాన్ని గంటసేపు చెప్పాను. "వద్దంది నువ్వు కదా?" అన్నాడాయన. ఆయన హైదరాబాదులో పెరిగాడులెండి.

సెప్టెంబరులో ఎన్నిక. ఎన్నికంటే చీట్లూ పెట్టెలూ ఏమీ ఉండవు. శనివారం మీటింగులో ఎవరో ఒక పేరు చెప్తారు, అందరూ సరేనంటారు, చప్పట్లు కొడతారు. నా పేరు స్వప్న చెప్తుంది. నేను వద్దంటాను. పుణ్యవతి గారు బతిమాలతారు, ఆవిడది విజయవాడ, పద్ధతులు తెలిసిన మనిషి. ఇంకెవరో "మీరు కాకపోతే ఇంకెవరండీ" అంటారు. అప్పుడు నేను లేచి, "మీరంతా ఇంతగా అంటున్నారు కాబట్టి కాదనలేకపోతున్నాను" అంటాను. ఆ మాట నేను శుక్రవారం సాయంత్రం అద్దం ముందు నాలుగు రకాలుగా అని చూసుకున్నాను. శనివారం ఆకుపచ్చ గద్వాల చీర కట్టుకుని వెళ్ళాను.

అంతా అనుకున్నట్టే మొదలైంది. పుణ్యవతి గారు ప్రెసిడెంటుగా ఎవరుంటే బాగుంటుందని అడిగారు. స్వప్న కూర్చునే చెయ్యెత్తింది.

"ఇంకెవరు మేడం, మన ప్రవీణనే. మూడేండ్ల సంది చేస్తున్నది గదా."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. తల వంచుకుని, పైట సర్దుకుని, అనవలసింది అన్నాను.

"అయ్యో, నాకెందుకండీ. ఇంతమంది ఉన్నారు, ఇంకెవరికైనా ఇవ్వండి. నాకు ఆఫీసు పనే సరిపోతోంది."

పుణ్యవతి గారు నవ్వారు. బతిమాలడానికి నోరు తెరిచారు కూడా, నేను చూశాను. ఇంతలో రెండో వరుసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అశ్విని లేచి నిలబడింది.

"అక్కకు ఆఫీసు పని ఎక్కువుండాదంట కదా మేడం, పాపం బలవంతం చేయొద్దు. నేను చేస్తా. నాకు ఇష్టమే."

వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. చప్పట్లు అంటువ్యాధి, గదంతా అంటుకున్నాయి. నాకూ అంటుకున్నాయి. నవ్వు మొహంతో, నా చేతులతో నేనే, నా కుర్చీ పోయినందుకు చప్పట్లు కొట్టాను. పుణ్యవతి గారు తెరిచిన నోరు మూసుకుని అశ్వినికి అభినందనలు చెప్పారు.

సమోసాలూ టీలూ వచ్చాయి. స్వప్న నా మోచేయి పట్టుకుని మూలకు లాగింది.

"ఏందే, గట్లెందుకన్నవ్? నువ్వే వద్దంటివి, ఇగ నేనేమనాలె? మొహమాటానికి పోతే ఏమైతదో చెప్పిన్రు గదా పెద్దలు!"

సమోసా నేను తీసుకోలేదు. ఎవరూ రెండోసారి ఇవ్వనూ లేదు. నేరుగా కిందికి దిగి, పార్కింగులో నా స్కూటీ దగ్గరకు వచ్చేశాను. కళ్ళలో నీళ్ళు. అవి బాధవి కావు, ఒట్టి కుళ్ళువి. ఆమెకు కారుంది, టిప్పరుంది, వాచ్‌మన్ నమస్కారముంది. నాకున్నది ఆ ఒక్క కుర్చీ. అదీ కావలసి వచ్చిందా ఆ మనిషికి?

తాళం పెడుతుంటే వెనక నుంచి పిలుపు.

"అక్కా, చెప్పకుండా పోతాండావే? ఏమి అట్లుండావు?"

"ఏం లేదండీ. తలనొప్పి."

అశ్విని నా మొహంలోకి చూసింది. నవ్వు లేదు. "నీకు కావాలనుండెనా ఆ ప్రెసిడెంటు?"

"అబ్బే, అదేం లేదండీ. మీరైతేనే బాగుంటుంది."

"చూడక్కా. నాకు లోపలొకటి పైకొకటి తెలీదు. వద్దంటే వద్దనే అనుకుంటా. ఒక్కసారే అడుగుతా. కావాలంటే కావాలని చెప్పు. వద్దంటే ఇంటికి పోయి పండుకో."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. మొహమాటం ఎటు పోయిందో తెలియదు, కోపమే ముందు బయటికి తన్నుకొచ్చింది.

"కావాలి!" అని అరిచాను. "నాకే కావాలి. మూడేళ్ళు చేశాను. మజ్జిగ దగ్గర్నుంచి చిరిగిన బట్టల దాకా నేనే. మీరు నిన్నగాక మొన్న వచ్చారు. ఒక్క టిప్పరు తోలించి అంతా పట్టుకుపోతారా? మీకు ఇంకేం తక్కువండీ?"

డ్రైవర్లు తిరిగి చూశారు. నాకు చీర కొంగుతో మొహం కప్పుకోవాలనిపించింది. జన్మలో ఎవరినీ ఏదీ అలా అడగలేదు నేను.

అశ్విని చేతిలో కారు తాళాలను అటూ ఇటూ తిప్పింది. ఆమె మొహం చిన్నబోయింది. ఎవరో ఇచ్చిన బొమ్మను తిరిగి ఇచ్చేయమంటే పిల్లలు పెట్టే మొహం.

"నాకూ ఇష్టంగానే ఉండె అక్కా," అంది చివరికి. "పొద్దున మా ఆయనతో చెప్పి వచ్చినా, దొరికితే బాగుంటాదని." ఒక నిట్టూర్పు విడిచింది. "సరే, పా. అందరూ పోకముందే చెప్దాం."

నా చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయింది. టీ కప్పులతో నిలబడ్డవాళ్ళ మధ్యకు వెళ్ళి గట్టిగా చెప్పింది.

"నేను తొందరపడినా. అక్కకే కావాల్నంట, సిగ్గుపడి వద్దన్నాది. మూడేండ్లు కష్టపడింది ఆమె. ఆమెకే ఇయ్యండి."

అంతమంది ముందు "కావాల్నంట" అనడంతో నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఇక చప్పట్లు చూడాలి. ఇందాకటివి ఓ లెక్కా? పుణ్యవతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత పెద్ద మనసమ్మా నీది" అని అశ్విని భుజం తట్టారు. ఎప్పుడూ మాట్లాడని ఓ తండ్రి ముందుకొచ్చి ఆమెకు నమస్కారం పెట్టాడు. నా సొంత స్వప్న, నా పేరు చెప్పిన స్వప్న, "చేతికొచ్చిన కుర్సీని ఎవరిస్తరు గిట్ల! ఆమెది బంగారం లాంటి మనసు" అని నాతోనే అంది. కొంతసేపటికి ఎవరికో గుర్తొచ్చి నాకు కూడా కంగ్రాట్స్ చెప్పారు. అద్దం ముందు అనుకున్న మాట అనే అవకాశమే రాలేదు. "థాంక్యూ అండీ" అన్నాను, అంతే.

ఆదివారమంతా గ్రూపులో అశ్విని మీద పొగడ్తలే. మధ్యమధ్య నాకొక బొటనవేలు. ఆమె దగ్గర్నుంచి నాకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, నాకేం పని ఇస్తావో చెప్పు. బస్సుల పనైనా సరే." చదివాను. జవాబివ్వలేదు.

సోమవారం బడి నుంచి రాగానే దేవిశ్రీ బ్యాగు సోఫాలో పడేసి నా పక్కన కూర్చుంది.

"మమ్మీ, ఆదర్శ్ వాళ్ళ మమ్మీ నీకు ప్రెసిడెంట్ ఇచ్చేసిందంట కదా!"

"ఎవరన్నారు?"

"అందరూ. మా మిస్ క్లాసులో ఎగ్జాంపుల్ కూడా చెప్పింది, షేరింగ్ అంటే అలా ఉండాలని. ఆదర్శ్‌ని లేపి క్లాప్స్ కొట్టించింది."

ఎవరూ ఇవ్వలేదు, నేను కష్టపడి సంపాదించుకున్నాను అని చెబుదామనుకున్నాను. పిల్ల నా వైపే చూస్తోంది.

"అవును, ఇచ్చింది," అన్నాను. "నేను అడిగాను, ఇచ్చింది."

"ఆంటీకి థాంక్స్ చెప్పావా?"

"లేదు."

"ఎందుకు?"

దానికి అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "కుళ్ళు," అన్నాను.

దేవిశ్రీ అయోమయంగా చూసింది. "నువ్వే కదా ప్రెసిడెంటు! అయితే కుళ్ళు ఆంటీకి ఉండాలి కదా?"

"ఆమెకు లేదమ్మా," అన్నాను. "అందుకే నాకు."