జానెడు మేస్త్రి పూడ్చిన బావి

మట్టిపని మేస్త్రికి 'జానెడు మేస్త్రి' అన్న పేరు ఊరికే రాలేదు. రోడ్డు కింద మట్టి పరిచిన ప్రతిసారీ చెయ్యి చాచి కొలిచేవాడు. జానెడు మందం పరవాలి, నీళ్లు చల్లాలి, రోలర్ తిప్పాలి, ఆ తర్వాతే ఇంకో పొర. కూలీలు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఇంజనీరమ్మ మాత్రం ఆయన పూడ్చిన చోట కళ్లు మూసుకుని సంతకం పెట్టేది.

అలాంటి మనిషి మొన్న ఒక పాడుబావిని ఒక్క పూటలో పూడ్చేశాడు.

రోడ్డు వెడల్పు చేస్తుంటే ఆ బావి దారిలోకి వచ్చింది. పద్ధతిగా పూడిస్తే నాలుగు రోజులు. పైన చూస్తే మబ్బు పట్టింది, పక్కన చూస్తే కాంట్రాక్టరు నెత్తినెక్కి కూర్చున్నాడు, ఇంజనీరమ్మ సెలవులో ఉంది. పడగొట్టిన గోడల కాంక్రీటు పలకలు అందులోకి తోయించాడు. అవి సగంలోనే అడ్డంగా ఇరుక్కున్నాయి. వాటి మీద పోసిన మట్టి సందుల్లోంచి జారి, ఎక్కడో అడుగున నీళ్లలో పడ్డ చప్పుడు ఆయన చెవిన పడింది. విననట్టే ఊరుకున్నాడు. పైన నాలుగు పొరలు మాత్రం జానెడు చొప్పున ముచ్చటగా వేయించాడు. నిన్న రోలర్ కూడా తిరిగింది.

ఇవాళ పొద్దున్నే పరీక్ష. రాళ్లు నింపిన లారీ ఆ నేల మీద నెమ్మదిగా పోతుంటే, చక్రం ఎక్కడైనా దిగబడుతుందేమోనని ఇంజనీరమ్మ పక్కనే నడుస్తూ చూస్తుంది. లారీ నడిపేది మేస్త్రి బామ్మర్ది. నిన్న రోలర్ నడిపిందీ వాడే.

"ఏంటి బావా, మొహం అలా పెట్టావ్? అక్క చీవాట్లు పెట్టిందా?"

"ఏం లేదురా. ఆ తలుపు గట్టిగా వేసుకోకు."

"నువ్వేసిన మట్టి మీద నాకేం భయం? కళ్లకి గంతలు కట్టినా నడిపేస్తా."

రోలర్‌కి ఆగిన నేల లారీకి ఆగదా అని మేస్త్రి తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. లారీ బరువు రోలర్‌కి మూడింతలని ఆయనకు తెలియక కాదు. చెబితే పాతికేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం ఆయనకు లేదు.

లారీ కదిలింది. బావి ఇంకా ఇరవై అడుగులు. ఇంజనీరమ్మ చక్రం మీంచి చూపు తిప్పకుండా నడుస్తోంది. పది అడుగులు. నున్నటి మట్టి మీద వెంట్రుకంత బీట ఒకటి పాకింది. కింద ఏదో జారిన చప్పుడు.

మేస్త్రి పరుగున వెళ్లి లారీకి అడ్డం నిలబడ్డాడు. "ఆపరా. వెనక్కి తియ్యి. కింద బోలుగా ఉంది."

లారీ వెనక్కి పోయింది. మేస్త్రి తల దించుకుని ఇంజనీరమ్మకు జరిగిందంతా చెప్పాడు. ఆమె వెంటనే మట్టి తవ్వే పొక్లెయిన్‌ను పిలిపించింది. దాని తొట్టి రెండుసార్లు గీకిందో లేదో, మిగిలిన మట్టంతా పలకలతో సహా దానంతటదే కిందికి దిగిపోయింది. నల్లటి గొయ్యి నోరు తెరిచింది. అందరూ వెనక్కి జరిగారు.

"మీరు పూడ్చినవన్నీ ఇప్పుడు నేను మళ్లీ తవ్వించాలా మేస్త్రిగారూ?" అంది ఇంజనీరమ్మ.

ఆ మాట కూడా ఆయన ఓర్చుకున్నాడు. ప్రాణం పోలేదు, అది చాలనుకున్నాడు. బామ్మర్ది లారీ దిగివచ్చి గొయ్యిలోకి చాలాసేపు చూశాడు.

"నిన్న నన్ను రోలర్ ఎక్కించినప్పుడు నీకు తెలుసు కదా బావా?"

మేస్త్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"అందుకేనా అంత దూరంలో నిలబడి చెయ్యి ఊపావు?" అన్నాడు వాడు మెల్లగా. "అక్కకి నేను చెప్పను. ఎలా చెప్పాలో కూడా నాకు తెలీదు."