బొట్టు పెట్టించుకున్న గూఢచారి కారు

నేను ఒక కారుని. కాదు, కారు బొమ్మని. అదీ కాదంటాడు మా యజమాని. ఇంతకీ నేనేమిటో నాకే తెలియడం లేదు కాబట్టి జరిగింది చెబుతాను, మీరే తేల్చండి.

నన్ను ఎక్కడో చైనా ఫ్యాక్టరీలో పోతపోశారు. గూఢచారి సినిమాల వరస ఒకదానిలో హీరో నడిపే వెండిరంగు కారుకి నేను అచ్చు నకలుని, అరచేతిలో ఇమిడిపోతాను. అడుగున మీట నొక్కితే హెడ్‌లైట్ల వెనకనుంచి రెండు తుపాకులు బయటికొస్తాయి. ఇన్ని హంగులూ చేసి, కదలకుండా తీగతో కట్టి, డబ్బాలో పెట్టి సీలు వేశారు. ఆ మాత్రానికి చక్రాలెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నన్ను కొన్న నాంచారయ్య బెజవాడలో సిటీ బస్సు డ్రైవరు. పగలంతా బస్సు నడిపి, ఇంటికొచ్చి మళ్ళీ కార్లే చూసుకుంటాడు. ఆ సినిమాల్లోని కార్లన్నీ అతని అద్దాల బీరువాలో ఉన్నాయి, మంచుమీద జారే ఎర్రకారు ఒక్కటి తప్ప. దాని ఖాళీ చూసినప్పుడల్లా అతనికి అన్నం సహించదు. ఎవరైనా “భలే బొమ్మలండీ” అన్నారో, మొహం మాడ్చుకుంటాడు.

“బొమ్మలేంటండీ? బళ్ళు!”

చివరికి ఆ ఎర్రకారు ఏలూరులో మస్తాన్ అనే ఆయన దగ్గర దొరికింది. బదులుగా నన్ను అడిగాడు, సీలు విప్పకుండా ఉంటేనే. నాలాంటిది బీరువాలో ఇంకొకటి ఉంది కనుక నాంచారయ్య ఎగిరి గంతేశాడు. మస్తాన్ వచ్చే రోజు ఆయుధ పూజ. నన్ను డబ్బాతోనే తుడిచి బల్లమీద పెట్టి, బీరువాకి తాళం వేసుకుని, నాంచారయ్య డిపోలో బస్సు పూజకి వెళ్ళాడు.

అతని భార్య తిరుపతమ్మ పసుపు కుంకుమ పళ్ళెంతో వచ్చింది. బీరువా అద్దానికి బొట్టు పెట్టి, నావైపు తిరిగింది. కత్తెరతో సీలు కోసింది, తీగ తెంపి బొట్టు పెట్టింది. ఎక్కడో మీట తగిలి నా తుపాకులు బయటికొచ్చాయి.

“అమ్మో, ఆయుధం కూడానా!” అని ఇంకో బొట్టు పెట్టింది. నిమ్మకాయ నాకంటే ఎత్తుగా ఉందని, చక్రాల కింద నాలుగు నిమ్మగింజలు పెట్టి తొక్కించింది. పుట్టాక నా చక్రాల మీద అదే మొదటి ప్రయాణం.

సాయంత్రం మస్తాన్ వచ్చి, పాపం, నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత “డబ్బా విప్పేశారు కదా, ఏమనుకోకండి” అని ఎర్రకారుని సంచిలోంచి తీయకుండానే లేచాడు.

నాంచారయ్య భార్య వైపు తిరిగాడు. “ఎవరు విప్పమన్నారే నిన్ను?”

“పొద్దున మీరు బస్సుకి చేయించలేదా? బండన్నాక పూజ చెయ్యకపోతే ఎట్టాగండీ?” అంది తిరుపతమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాంచారయ్య చొక్కా మీద బస్సుకి పెట్టిన కుంకుమే ఇంకా అంటుకుని ఉంది. ఆ రాత్రి అతను అన్నం తినలేదు. తెల్లారి బీరువా తీసి, ఎర్రకారు కోసం ఉంచిన ఖాళీలో నన్ను పెట్టాడు. బొట్టు మాత్రం తుడవలేదు.

మొన్న పక్కింటావిడ వచ్చి “ఈ బొమ్మకి బొట్టేంటి వదినా?” అంది. నాంచారయ్య తల ఎత్తేలోపే వంటింట్లోంచి తిరుపతమ్మ కేకేసింది.

“బొమ్మ కాదమ్మా, బండి!”