ఓల్గెర్త్స్ మాస్టారు చదివిన మూత

కుర్జెమె సీమలో పశువుల కొట్టం ఉన్న ప్రతి ఇంట్లోనూ యుద్ధంలో ఓడిన జర్మన్లు వదిలేసి పోయిన ఫిరంగి గుండ్ల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో దుంపలు పోసుకుంటారు, కోళ్ళను పొదగేస్తారు. ఏటా మే నెలలో ఒక శనివారం వాటిని ఊరి మ్యూజియం ముంగిట్లోకి మోసుకొస్తారు. ఏది ఏ ఫిరంగిదో ఓల్గెర్త్స్ మాస్టారు తేల్చాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ విషయంలో ఆయన మాటే మాట.

రెండేళ్ళుగా మాస్టారికి వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. మ్యూజియం గిడ్డంగి తాళాలు ఆయన దగ్గరే ఉంచాలా, శిష్యుడు ఉగిస్‌కు ఇవ్వాలా అన్నది మ్యూజియం కమిటీ ఆ రోజే తేలుస్తుంది. గిడ్డంగి పోతే ఆయనకు మిగిలేది ఒంటి గది, అందులో ఒక రేడియో.

పొద్దుటి నుంచీ వేళ్ళే ఆయన్ని కాపాడాయి. పెట్టె లోపలి చెక్క గాడుల్ని తడిమి, "మూడు గుండ్లు. ఏడున్నర సెంటీమీటర్లు, ట్యాంకుల్ని కొట్టేది" అన్నాడు. ఎత్తైన అల్లిక బుట్టను ఒక్కసారి కౌగిలించుకుని, "ఒంటి గుండు. పదిహేను" అన్నాడు. జనం తలలూపారు.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆయన నోరు ఊరుకునే రకం కాదు. ఉగిస్ పెళ్ళాం గొంతు దగ్గర్లో వినిపించాక, కావాలనే ఎత్తుకున్నాడు.

"ఏరా ఉగిస్, పోయినేడు ఆపిల్ పెట్టెను పట్టుకుని ఫిరంగి పెట్టె అన్నావు. ఇవాళైనా కళ్ళు కడుక్కుని వచ్చావా?"

అందరూ నవ్వారు. ఉగిస్ ఒక పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"కడుక్కునే వచ్చాను మాస్టారూ. ఇది మా మావగారిది. మూత మీద పెయింటు అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. కాస్త చదివి పెట్టండి, అందరూ వింటారు."

పెయింటు వేళ్ళకు అందదు. మాస్టారు ఇనప గొళ్ళేలు తడిమాడు. పదిన్నర సెంటీమీటర్ల ఫిరంగివే, అనుమానం లేదు. ఈ ప్రాంతానికి వచ్చిన సరుకంతా యుద్ధం చివరి రోజులది. మూత మీదికి వంగి, తీరిగ్గా చదివినట్టే చెప్పాడు.

"పదిన్నర. నలభై నాలుగో సంవత్సరం. కింద గుండ్లు సర్దినవాడి నంబరు, సగం చెరిగింది. ఈమాత్రం చదవడం రాదట్రా నీకు?"

ఎవరూ నవ్వలేదు.

"మూత పోయిన వారం వేసిన కొత్త పలక మాస్టారూ," అన్నాడు ఉగిస్ మెల్లగా. "దాని మీద ఏమీ లేదు."

ఈ మాట లోపల, నలుగురూ లేనప్పుడు అడిగి ఉండొచ్చు. ఉగిస్ ముంగిటినే ఎంచుకున్నాడు. మాస్టారికి చచ్చిపోవాలనిపించింది.

కమిటీ పెద్ద స్కైద్రీత అప్పటికప్పుడే కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. "తాళాలు అప్పగించినట్టు సంతకం చెయ్యండి మాస్టారూ."

"ఎక్కడ?"

ఉగిస్ ఎంతో ప్రేమగా ఆయన చెయ్యి పట్టుకుని, కలం ఇచ్చి, చోటు చూపించాడు. మాస్టారు తల నిటారుగా ఎత్తి, తన పూర్తి పేరు ఒక్క అక్షరం వంకర పోకుండా రాశాడు. ముందు ఉగిస్ పెళ్ళాం నవ్వింది. ఆ తరవాత ముంగిలంతా నవ్వింది.

"ఇంకోసారి మాస్టారూ," అంది స్కైద్రీత. "ఈసారి కాగితం మీద చేద్దాం."