చిన్నతల్లి ఒప్పుకున్న తప్పు

భోగాపురం దాటాక సముద్రం ఒడ్డునున్న ఆ ఊళ్లో, చేపల తట్ట ముందు చిన్నతల్లి చాలాసేపు నిలబడిపోయింది. నిండు తట్టను ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు. పక్కనున్నావిడ ఓ చెయ్యి వెయ్యాలి. ఇన్నేళ్లూ ఆ చెయ్యి మరిడమ్మది. ఆ ఉదయం మరిడమ్మ ముఖం తిప్పుకుని ఆటో ఎక్కేసింది.

"ఒసే మరిడీ, ఓ సెయ్యెయ్యే!"

"నీ కూతురు సర్పంచి గదేటే, ఆఫీసర్ల సేత ఎత్తించుకో," అంది ఆటోలోంచి ఎవరో. లోపలంతా ఒకటే నవ్వులు.

ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. మహిళలకు కేటాయించిన స్థానంలో చిన్నతల్లి కూతురు శ్రావణి సర్పంచిగా గెలిచింది. చేపలు ఎండబెట్టుకునే ఇసుకదిబ్బను రిసార్టుకు అప్పగించే తీర్మానం మీద సంతకం పెట్టనంది. ఆ బేరం కుదిర్చిన హరిబాబు ఆమెతో వాదించలేదు. మండల మీటింగులో దిగిన ఫోటోలోంచి అందర్నీ కోసేసి, ఆమెనూ పక్కనే నిలబడ్డ మండల ఇంజినీరునూ మాత్రం మిగిల్చి, కింద రాయకూడని రాతలు రాయించి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టించాడు. ఆ తర్వాత తెలియని నంబర్ల నుంచి శ్రావణికి ఫోన్లు, వినలేని మాటలు.

చిన్నతల్లికి ఆ మాటల తర్వాత జరగబోయేవే కళ్లకు కట్టేవి. పిల్ల నూతిలో దూకేసినట్టు, దారికాసి ఎవరో యాసిడ్ పోసినట్టు, గుజరాత్ బోటు మీద వేటకెళ్లిన తన మొగుడు అప్పలసూరి ఆ ఫోటో చూసి సముద్రంలో పడిపోయినట్టు.

"రాజీనామా ఇచ్చీయే తల్లీ. మనకొద్దు ఈ సర్పంచీ గిర్పంచీ."

"నాను దిగిపోతే ఆ రాతలు నిజమని నానే సెప్పినట్టు గదమ్మా," అని శ్రావణి పంచాయతీ ఆఫీసుకు వెళ్లిపోయింది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. వలలు తెగినా, పడవలు గుద్దుకున్నా, ఎవరో ఒకరు రామమందిరంలో పెద్దల ముందు తాంబూలం పెట్టి "తప్పయిపోనాది" అంటే తగువు అక్కడితో సరి. మళ్లీ ఎవరూ నోరెత్తకూడదు. చిన్నతల్లి ఆశంతా దాని మీదే. ఒక్కతే వెళ్లి తాంబూలం పెట్టింది.

"పిల్ల తెలీక సేసింది బాబూ. ఇక్కడితో ఒగ్గీండి."

"సరే, ఎల్లు," అన్నాడు కులపెద్ద జగన్నాధం.

గుండెల మీంచి బండ దిగినట్టయింది ఆమెకు. వెనకాల హరిబాబు మనిషి ఫోను పట్టుకుని నిలబడ్డం చూడలేదు.

మధ్యాహ్నానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. కన్నతల్లే ఒప్పుకుంది, ఇంకేటి కావాలన్నారు.

శ్రావణి ఇంటికొచ్చి అరవలేదు. గడప మీద కూలబడింది.

"నాను సేసిన తప్పేటమ్మా?"

చిన్నతల్లి వెతుక్కుంది. సంతకం పెట్టకపోవడమా? మీటింగుకెళ్లడమా? నలుగురితో ఫోటో దిగడమా? ఒక్కటీ దొరకలేదు.

"ఏటీ లేదే. బయమేసింది, అంతే."

"నాకెయ్యదేటి? ఊరంతా ఒకవైపున్నా నా ఎనకాల నువ్వున్నావనుకున్నాను."

శ్రావణి హరిబాబు మీద ఫిర్యాదుకు పోలీసు స్టేషనుకు బయల్దేరితే, చెప్పులేసుకుని తనూ కదిలింది. పెద్దలు కూర్చున్న రామమందిరం ముందు ఆగింది.

"జగన్నాధం బావా, పొద్దున్న నాను అబద్ధమాడీసినాను. నా కూతురు ఏ తప్పూ సెయ్యనేదు. తప్పంతా ఆ ఫోటో కోసినోడిది. టేసన్లో అదే సెప్తాను."

"తాంబూలం పెట్టీసినాక మాట మార్సకూడదే!"

"అయితే నన్ను ఊరి నుంచి ఎలేసుకోండి. నా బిడ్డనొగ్గను."

ఎవరూ వెంట రాలేదు. తలుపు సందుల్లోంచి చూసిన ఆడవాళ్లూ అలాగే ఉండిపోయారు. తల్లీకూతుళ్లిద్దరే ఎండలో రోడ్డు మీదకు నడిచారు. చిన్నతల్లి భయం పోలేదు. అడుగడుక్కీ వెనక్కి చూస్తూనే ఉంది, కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు.

పనిలో ఎదిరించలేనివాడు ఆడదాని పరువు మీద పడతాడు. వాడికి బలమిచ్చేది మన నవ్వులూ, మన మౌనమూ, భయపడి మనవాళ్ల తరఫున మనం ఒప్పుకునే చేయని తప్పులూ.